వెండి కెటిల్ మీది గబ్బిలాలు

మా ఆయన వెండి పని చేస్తాడు. బళ్ళారి వైపు కంప్లిలో మా ఇంటి ముందు గదే ఆయన దుకాణం. దీపపు కుందులు, పంచపాత్రలు, పెళ్ళిళ్ళకు పన్నీరుబుడ్లు, తెగిన పట్టీల అతుకులు, వీటితోనే మా సంసారం నడుస్తుంది. చేసినవాటిని కుంకుడు రసంతో రుద్ది మెరుగు పెట్టడం నా పని. ఆయన చెక్కే నగిషీకి మాత్రం ఈ చుట్టుపక్కల కొంచెం పేరుండేది.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా యశ్వంతనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడి ఇనుప ఖనిజం చైనాకు పోయే రోజుల్లో గని కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి. కొనడానికి వచ్చే చైనావాళ్ళను వెంటబెట్టుకుని తిప్పేది ఆయనేనట. వాళ్ళలో ఒకతను తర్వాత కానుకగా పంపిన వెండి టీ కెటిల్‌ను తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ఇద్దరు కూతుళ్ళూ అదే కావాలని పట్టుబట్టారట. అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసిమ్మన్నాడు.

అలాంటి పని నేనెప్పుడూ చూడలేదు. పొట్ట గుమ్మడికాయలా పలకలు పలకలుగా ఉంది. ఒక పక్క ఎండుకొమ్మ మీద అయిదు రేకుల పూలు, ఇంకో పక్క వెదురాకులు. చెయ్యి కాలకుండా పిడికి సన్నబెత్తం చుట్టారు. మెడ కింద మబ్బుల మధ్య రెక్కలు చాచిన పిట్టలు అయిదు. పిట్టలని నేనన్నాను. మా ఆయన భూతద్దం పెట్టి చూసి, చెవులున్నాయి, ఇవి గబ్బిలాలు అన్నాడు. పెద్దాయన నవ్వి, వాళ్ళ భాషలో గబ్బిలానికీ అదృష్టానికీ పలుకు ఒకటేనని, అయిదు గబ్బిలాలంటే అయిదు భాగ్యాలని చెప్పాడు.

మా ఆయన ఆ పని ఇష్టంగా మొదలుపెట్టాడు. రేకును సాగగొట్టి పొట్ట తీర్చాడు. లోపల కరిగిన లక్క పోసి, అది గట్టిపడ్డాక పై నుంచి చిన్న ఉలులతో కొమ్మ, పూలు, ఆకులు తేల్చాడు. భోజనానికి పిలిచినా లేచేవాడు కాదు. ఆయనకు చాలా కాలంగా షుగర్ ఉంది. మాత్రలు ఒక రోజు వేసుకుంటే రెండు రోజులు మరిచేవాడు. నేను గుర్తుచేస్తే, కూర్చుని చేసే పనికి ఏమవుతుందిలే అనేవాడు.

మూడో గబ్బిలం చెక్కుతుండగా మా అత్త కాఫీ తెచ్చి, అదేమిటో పోల్చుకుంది.

"గబ్బిలం దూరితేనే ఇల్లు కడిగి శాంతి చేయిస్తామే. దాన్ని కూర్చోబెట్టుకుని నువ్వే చెక్కుతాండావా నాయనా?" అంది.

ఆయన నవ్వేసి, పెద్దాయన చెప్పిన అయిదు భాగ్యాల సంగతి చెప్పాడు. ఆమె వినలేదు. ఆ రోజు నుంచి దుకాణంలో అడుగుపెట్టడం మానేసింది.

తర్వాత కొన్నాళ్ళకు, పొద్దున్నే పనికి కూర్చున్న మనిషి సుత్తి కింద పెట్టి, ఈగను తోలినట్టు ముఖం ముందు చెయ్యి ఆడించాడు.

"ఏమే, కంటి ముందర నల్లగా ఏందో ఎగురుతాండాది. చూడు" అన్నాడు.

అక్కడ ఏమీ లేదు. కాసేపటికి ఎడమకంట్లో పొగ కమ్మినట్టుంది అన్నాడు. నడవలో ఉన్న అత్తకు ఆ మాటలు వినబడ్డాయి. గడపకు ఆనుకుని, లోపలున్న కెటిల్ వైపే చూస్తూ కూర్చుంది.

బళ్ళారి ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది స్పష్టంగానే ఉంది. షుగర్ వల్ల కంటి వెనక సన్న రక్తనాళాలు చిట్లి రక్తం కమ్మింది. రెండో కంట్లోనూ మొదలవుతోంది. ఇన్నాళ్ళు ఎందుకు చూపించుకోలేదని ఆమె కన్నడంలో గట్టిగా అడిగితే మా ఆయన తల దించుకున్నాడు. అంతా విన్నాను, అర్థం చేసుకున్నాను. అయినా వరండాలో ఆయన పక్కన కూర్చున్నంతసేపూ, కంట్లో కదిలే ఆ నలుపు ఏ ఆకారంలో ఉందో అడగడానికి నాకు నోరు రాలేదు.

లేజర్ కోసం అక్కడే ఉండగా పెద్దాయన ఫోన్ చేశాడు. మా అత్త వచ్చి ఆయన కెటిల్ ఆయనకు ఇచ్చి వెళ్ళిందట. హోస్పేట దాటి ఒంటరిగా ఎన్నడూ పోని మనిషి, సంచిలో బియ్యం పోసి, బియ్యం నడుమ దాన్ని పూడ్చి, బస్సులు మారి వెళ్ళింది. వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా తాగలేదట.

ఇంటికి రాగానే ఆయన తల్లి మీద మండిపడ్డాడు.

"ఒకరి సొమ్ము. దోవలో పోయింటే ఏం చేస్తాంటివి? నన్నొక మాట అడగాల్నా, వద్దా?"

"అడిగితే నువ్వు ఇస్తాంటివా?" అంది ఆమె.

పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. తన వల్లే ఇలా అయిందేమోనన్న ఇబ్బంది ఆయన ముఖంలో కనిపించింది. అత్తకు తానే మెల్లగా చెప్పబోయాడు, గబ్బిలం చైనావాళ్ళకు అదృష్టమని.

"వాళ్ళ మాటలో అదృష్టమైతే వాళ్ళిండ్లల్లో ఉండనీలే సామీ. నా కొడుక్కి ఆ మాట రాదు కదా" అంది అత్త.

పెద్దాయన మా ఆయన వైపు తిరిగాడు. మూడు గబ్బిలాలతోనే ఇమ్మని, నిదానంగా ఇమ్మని అన్నాడు. అరకొర పని తన చేతి మీదుగా పోదన్నాడు మా ఆయన.

కంట్లో సూదులూ లేజరూ అయ్యాక కుడికన్ను నిలబడింది. ఎడమకన్ను మసకగానే ఉండిపోయింది. సగంలో ఆగిన నాలుగో గబ్బిలాన్ని పూర్తి చేయాలని ఒక రోజు మళ్ళీ కూర్చున్నాడు. ఒంటికంటికి లోతు అందడంలేదు. ఉలి జారి మబ్బుకు అడ్డంగా గీత పడింది. ఆ గీత మీద వేలు అటూ ఇటూ రాస్తూ చాలాసేపు కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను గానీ లోపలికి పోలేకపోయాను.

చివరికి ఆ సగం రెక్కను మబ్బులో కలిపేశాడు. మిగిలిన చోటు కూడా మబ్బుతోనే నింపాడు. అతుకులు, పిడి, మూత, అన్నీ నెమ్మదిగా ముగించాడు. మెరుగు పెడుతున్నప్పుడు ఆ మూడింటి దగ్గరికి వచ్చేసరికి బ్రష్షు పక్కన పెట్టి గుడ్డతో పైపైనే తుడిచాను. షుగర్ అని నాకు తెలుసు. తెలిసినా అంతే చేశాను.

పెద్దాయన వచ్చి తీసుకుపోయాడు. తక్కిన రెండు గబ్బిలాలూ ఏవని దాన్ని తీసుకున్న కూతురు అడిగితే మబ్బుల వెనక ఉన్నాయని చెప్పాడట. ఆ మాట ఆయన ఫోన్లో చెప్పినప్పుడు నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు.

ఇప్పుడు ఆయన నగిషీ పని తీసుకోవడం లేదు. నున్నటి చెంబులు, కుందులు, అతుకులు, అంతే. ఆ చైనా కెటిల్‌ను ఇంటి నుంచి సాగనంపబట్టే ఒక కన్నయినా మిగిలిందని అత్త ఇరుగుపొరుగుతో చెబుతుంది. సూదుల వల్ల మిగిలిందని దుకాణానికి వచ్చినవాళ్ళతో ఆయన అంటాడు. ఒకరితో ఒకరు మాత్రం ఆ సంగతి ఎత్తరు. పొద్దున, సాయంత్రం మాత్రలు, నీళ్ళ గ్లాసు పట్టుకుని ఆమే దుకాణంలోకి వెళ్తుంది. ఆయన చెయ్యి చాపి తీసుకుంటాడు. మింగేదాకా ఆమె అక్కడే నిలబడుతుంది.