చెయ్యి మీద చెయ్యి

ఆమె మీద కోపం ఇప్పటికీ పోలేదు. జర్మనీలో లైప్‌జిగ్ వెళ్లే రైల్లో నా పక్క సీట్లో కూర్చుంది. యాభై ఏళ్లుంటాయేమో. తెలుగావిడని అప్పటికి నాకు తెలియదు. నేను ల్యాప్‌టాప్‌లో ఒక పోస్టర్ సర్దుతూ, ఫోన్లో మా ఆయనతో మాట్లాడుతున్నాను.

"రేపే ఎగ్జిబిషన్. ఆ పిల్లకి అక్షరాలు వరసలో పెట్టడం రాదు. నేనే చేసేస్తున్నా."

నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలకి నేను గ్రాఫిక్ డిజైన్ చెబుతాను. ఆ పోస్టర్ నా విద్యార్థినిది. అక్షరాలన్నీ ఒక మూలకి జారిపోయి ఉన్నాయి.

ఫోన్ పెట్టేయగానే ఆమె తెలంగాణ యాసలో అడిగింది.

"కింద ఎవరి పేరు పెడ్తవ్ బిడ్డా?"

"ఆ పిల్లదే."

ఆమె మౌస్ మీదున్న నా చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకుని, నేను సర్దిన అక్షరాలను ఎటుపడితే అటు లాగేసింది.

"చెయ్యి తియ్యండి! ఏంటిది?" అని అరిచాను. రైలు పెట్టెలో ఉన్న జర్మన్లందరూ తలలెత్తి చూశారు.

"నువ్వైతే అరిచినవ్," అంది చెయ్యి తీస్తూ. "ఆ పిల్ల ఎన్నడన్న అరిచిందా?"

ఒళ్లు మండిపోయింది. నన్నడగడానికి ఈమె ఎవరు? పన్నెండేళ్లుగా చెబుతున్నాను. కానీ ఆ పిల్ల ఎన్నడూ అరవని మాట నిజమే. ఆ పిల్లకి మాట కూడదీసుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఆలోపే మౌస్ లాక్కుని పని ముగించేసేదాన్ని.

ఆమె తరవాతి స్టేషన్లో దిగిపోయింది.

ఇప్పుడు క్లాసులో పిల్లల పక్కన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటాను. అవి తిమ్మిరెక్కిన ప్రతిసారీ ఆమెను తిట్టుకుంటాను.