పంపును నమ్మని మిస్త్రీ

మా మిస్త్రీ పోయాడని మొన్న షాద్‌నగర్ నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "నాడి మంచిగ చూసిండ్రా? ఇంకో డాక్టరుకు చూపెట్టిండ్రా?" అని అడిగాను. అవతల అతను ఏడుస్తూనే, "మా బాపు ఉంటే గిట్లనే అడుగుతుండె సాబ్" అన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకూ ఏడుపొచ్చింది.

పందొమ్మిది వందల అరవైల్లో నేను పాలమూరు, నల్లగొండ చేల మీద పురుగుమందు చల్లే చిన్న విమానం నడిపేవాణ్ణి. దాని ఇంజిన్ చూసుకునేది ఆయన. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టి, హైదరాబాద్‌లో పని నేర్చుకున్న మనిషి. మేం తాటిచెట్టు ఎత్తులో ఎగిరేవాళ్లం. అక్కడ ఇంజిన్‌కు పెట్రోలు అందించే పంపు మొరాయిస్తే దిగడానికి జాగా వెతుక్కునే వ్యవధి కూడా ఉండదు. అందుకే ఆయన లోకంలో దేన్నీ నమ్మేవాడు కాదు, పంపును అసలే నమ్మేవాడు కాదు. "నమ్మి చెడినోడు లేడంటరు సాబ్. గా మాట అన్నోడు ఇంజిన్ చూసి ఉండడు" అనేవాడు.

పొద్దున్నే ట్యాంకు అడుగు నుంచి సీసాలోకి కాస్త పెట్రోలు పట్టి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. నీటి చుక్క ఉంటే అడుగున తెలిసిపోతుంది. ఆ అలవాటు ముదిరి హోటల్లో మంచినీళ్ల గ్లాసును, పెళ్లింట్లో షర్బత్‌ను కూడా అలాగే ఎత్తి చూసేవాడు. పెళ్లివాళ్లు మొహం మాడ్చుకునేవారు. నేను పక్కన కూర్చుని నవ్వు ఆపుకునేవాణ్ణి.

ఒక వానాకాలం అలంపూర్ వైపు ఆముదం చేల మీద మందు చల్లుతుంటే ఇంజిన్ దగ్గింది. పెట్రోలు ప్రెషర్ ముల్లు కిందికి పడిపోయింది. సీటు పక్కనుండే చేతి పంపుతో ఇంజిన్‌కు పెట్రోలు కొట్టుకుంటూ ఎలాగో వచ్చి దిగాను. కోపంతో నేరుగా మిస్త్రీ దగ్గరికి నడిచాను.

"నిన్న పంపు ఇప్పి చూసినవా?"

"చూసిన సాబ్. మంచిగుండె. పెట్రోల్ల ఎవడో గ్యాసునూనె కలిపిండు."

కిరసనాయిలు కలిపాడని ముందు పెట్రోలు డ్రమ్ముల దగ్గరి వాచ్‌మన్‌ను అనుమానించాడు, తర్వాత లారీ డ్రైవర్‌ను. వాచ్‌మన్ తన పిల్లల మీద ఒట్టేశాడు. మిస్త్రీ ఆ ఒట్టును కూడా నమ్మలేదు. నేను చెప్పలేదు గానీ, నా అనుమానమంతా ఆయన మీదే.

చివరికి నా ఎదుటే పంపు విప్పాడు. వాల్వు కింద నల్లటి పోగులు నాలుగు ఇరుక్కుని ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపి చూసి, ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఉన్ని సాబ్. మా ఇంటిదే."

నీళ్లు దిగకుండా పెట్రోలు వడగట్టే తోలు చిరిగిపోయి కొత్తది రాకపోతే, వాళ్ల బాపు గొంగడి ముక్క కోసి గరాటులో పెట్టాడట. "ఎంత వాన కొట్టినా గొంగడిల నుంచి చుక్క దిగది. పుట్టినకాడి నుంచి చూస్తున్న" అన్నాడు. నిజమే, నీళ్లు దిగలేదు. ఉన్ని దిగింది. పాత గొంగడి కదా, పోగులు రాలుతున్నాయి.

"లోకాన్నంత అనుమానించిన. మా బాపు గొంగడిని ఎట్ల అనుమానిస్త సాబ్?" అన్నాడు. వెళ్లి వాచ్‌మన్ చేతులు పట్టుకున్నాడు. తిరిగొచ్చి నాతో, "రేపటి సంది నన్ను గూడ జర చూస్కో. నేను పని చేస్తుంటే పక్కన నిలబడు" అన్నాడు.

నా కోపం అక్కడే చల్లారింది. ఆ తర్వాత ఎగిరినన్నాళ్లూ పొద్దున్నే ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన మీద మళ్లీ అనుమానం రాలేదు గానీ, నిలబడడం మానితే ఊరుకునేవాడు కాదు. ఇవాళ ఇలా కూర్చుని రాస్తున్నానంటే ఆయన చలవే.

మిస్త్రీ పోయిన మూడో రోజు షాద్‌నగర్ వెళ్లాను; అక్కడ ఆయన పేరిట పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. విస్తట్లో జొన్నరొట్టె, మాంసం కూర, పక్కన గ్లాసుతో నీళ్లు ఉంచి, కాకి ముట్టాలని అందరం దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి గోడ మీద వాలింది గానీ కిందికి దిగదు.

"ఆయన మనసుల ఏందో ఉన్నది" అన్నది ఆయన భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నేను వెళ్లి గ్లాసు తీశాను. సూర్యుడికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి.

"మంచిగనే ఉన్నయి మిస్త్రీ" అని మళ్లీ అక్కడే పెట్టి వచ్చాను.

కాకి దిగింది. రొట్టె ముట్టకుండా, మెడ పక్కకు వంచి, ఒక కంటితో ఆ గ్లాసునే చూస్తూ నిలబడింది.