నాకు లేని మైల

పెళ్ళయిన ఆడపిల్లకు తండ్రి పోతే మూడు రోజులే మైల. కొడుక్కి మాత్రం ఏడాది. ఆ ఏడాదంతా అతని ఇంట్లో పండగ ఉండదు, శుభకార్యం ఉండదు, తిరుమల కొండెక్కకూడదు. ఇందులో నాకు తెలియనిదేమీ లేదు. చిత్తూరులో మా నాయన చిల్లర అంగడికి వచ్చి పంచాంగం అడిగేవాళ్ళకు ఇవన్నీ ఆయనే విడమరిచి చెప్పేవాడు, నేను పక్కన కూర్చుని వినేదాన్ని. అయినా ఆయన పోయినప్పుడు మూడు రోజులతో ఊరుకోలేదు నేను. తిరుపతిలో, నా అత్తగారింట్లో, నాకు లేని మైలను తెచ్చిపెట్టుకున్నాను. నా ఒక్కదానితో అయితే పోయేది. ఆరేళ్ళు నిండబోతున్న నా కూతురికి కూడా అంటించాను.

నాకు ఒకడే అన్న. చిత్తూరులో నాయన ఇంట్లోనే ఉంటాడు. అన్న కొడుకు, నా కూతురు ఒక ఏడాది తేడాతో జూలై నెలలోనే పుట్టారు. ముందు పాప పుట్టినరోజు, పది రోజులకు వాడిది. మధ్యలో వచ్చే ఆదివారం అందరం చిత్తూరులో కలిసి ఇద్దరికీ ఒకే కేకు కోయించేవాళ్ళం. అది నాయన పెట్టిన పద్ధతి. రెండు కేకులైతే ఎవరిది పెద్దదని కొట్టుకుంటారని ఆయన వాదన. ఒకే కేకు పెట్టినా కొట్టుకునేవారు, అది వేరే సంగతి. ఒక కత్తి, దాని మీద రెండు చిన్న చేతులు, వాటి మీద నాయన చెయ్యి. కోసేలోపు ఎవరో ఒకరు ఏడవకపోతే ఆ ఏడు పుట్టినరోజు జరిగినట్టే అనిపించేది కాదు మాకు.

నేను ఇంట్లో జాకెట్లు, పిల్లల బట్టలు కుడతాను. ప్రతి ఏడూ ఒకే తానులో గుడ్డ కోయించి పాపకు పావడా, వాడికి చొక్కా కుట్టేదాన్ని. "మిగిలిన ముక్కతో నాకో జాకెట్టు కూడా కుట్టెయ్యరాదామ్మా" అని వదిన ఎగతాళి చేసేది. ఒక ఏడు నిజంగానే కుట్టిచ్చాను. నడుం మీద చెయ్యి వేసుకుని హాలంతా తిరిగి చూపించింది.

నాయన మార్గశిరంలో పోయాడు. పొద్దున అంగడి తెరిచిన మనిషి మధ్యాహ్నానికి లేడు. ఆ తర్వాత ఆరు నెలలు నేను ఎలా ఉన్నానో నాకే సరిగా గుర్తు లేదు. జూలై వచ్చేసరికి అన్న ఫోన్ చేశాడు.

"ఈ ఏడు పిలకాయల పుట్టినరోజు వద్దులేమ్మా. నాయన పోయిన ఇంట్లో కేకు కోస్తే సూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"అవునన్నా, నాకూ మనసు లేదు" అన్నాను. నిజంగానే లేదు.

మా అత్త ఒప్పుకోలేదు. ఆమెకు డెబ్బై ఏళ్ళు, మడీ ఆచారం నాకంటే ఎక్కువే. "నీకు మూడు దినాలతో తీరిపోయింది గదా. ఇది మా వంశపు బిడ్డ, మా ఇంటి పుట్టినరోజు. తలంటి పోసి, పాయసం కాచి, ఒక కొత్త గౌను వేస్తే మీ నాయన వద్దంటాడా?" అంది.

"మీకేం తెలుస్తాదత్తా. పోయింది మా నాయన" అన్నాను.

ఆమె "తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం" అని ఒక సామెత విసిరి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. నేను అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. ఆ రోజు మా ఇంట్లో గిన్నెల చప్పుడుకు పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. మా ఆయన మామూలుగానే "నీ ఇష్టం" అని బండి తీసుకుని బయటపడ్డాడు.

పాపను ఒప్పించడానికి ఒక్క మాట సరిపోయింది. "ఈసారి చెయ్యం తల్లీ. చేస్తే తాత బాధపడతాడు."

తాత అంటే దానికి ప్రాణం. వెళ్ళినప్పుడల్లా అంగట్లో గాజు జాడీ మూత తీసి బొరుగుల ఉండ చేతిలో పెట్టే తాత. "పైనించి చూస్తాడా?" అని అడిగింది. చూస్తాడన్నాను. దాని నోరు మూయించడానికి అంతకంటే మంచి మాట దొరకదని తెలిసే అన్నాను.

పుట్టినరోజు నాడు యూనిఫాం వేసుకుని, చాక్లెట్ల పొట్లం లేకుండా స్కూలుకు వెళ్ళింది. టీచరు రిజిస్టరు చూసి శుభాకాంక్షలు చెప్పబోతే లేచి నిలబడి, "మా తాత చచ్చిపోయినాడు మిస్. నాకు ఈసారి పుట్టినరోజు రాదు" అందట. ఆ టీచరు సాయంత్రం నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి చెప్పింది. సిగ్గుపడాల్సిన చోట నేను గర్వపడ్డాను. నా బిడ్డకు ఎంత బుద్ధి అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత వారం రోజులు దాన్ని ఒకటే సందేహం తొలిచింది. పుట్టినరోజు చెయ్యకపోతే ఆరు వచ్చినట్టా, రానట్టా? ఎవరైనా వయసు అడిగితే నా ముఖం చూసేది. మా అత్త నాకు కనపడకుండా దాని నోట్లో కలకండ పెట్టి "నీకు ఆరు వచ్చేసిందే పిచ్చిదానా" అనడం వంటింటి గుమ్మం దగ్గర విన్నాను. వినలేదన్నట్టు వెనక్కి వచ్చేశాను.

ఆ పుట్టినరోజు సాయంత్రమే చిత్తూరుకు ఫోన్ చేశాను. "పాపకి నేను కూడా ఏమీ చెయ్యలేదన్నా. మామూలు బట్టలతో స్కూలుకి పంపించినా" అని ఏడ్చాను.

"మంచి పని సేసినావమ్మా" అన్నాడు అన్న.

ఫోన్ అమ్మ తీసుకుంది. "నీ మాదిరి కూతురు ఉండబట్టే ఆయన నెమ్మదిగా పోయినాడు" అంది. ఆ రెండు మాటలూ నాకు ఒక నెల బలం ఇస్తాయనుకున్నాను.

నెల కూడా కాలేదు. జూలై ఆఖరు వారంలో నాయన మాసికం వచ్చింది. ప్రతి నెలా ఆ తిథినాడు ఆయన పటం ముందు ఆకు వేసి ఆయనకు ఇష్టమైనవి వడ్డించి, కాకికి పెట్టి, తర్వాత మేం తింటాం. పాపను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. దారిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి బస్సు అరగంట ఆగిపోయింది. ఆ అరగంటలో పాప సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది. దాని మీద మూడంతస్తుల కేకు బొమ్మ, పక్కన పెద్ద కత్తి.

"ఎవరికే?" అన్నాను.

"బావకి. వాడికి కూడా పుట్టినరోజు రాలేదు గదా, పాపం."

చిత్తూరు చేరేసరికి హాల్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గారెలు, పరవాన్నం, నాయనకు ప్రాణమైన వంకాయ కూర. ఇద్దరు పినతండ్రులు వచ్చి కూర్చున్నారు. పిల్లలు లోపలి గదిలోకి పరుగెత్తారు. అన్న కర్పూరం వెలిగించబోతుండగా పాప గుమ్మంలోకి వచ్చింది. దాని చేతిలో కేకు కాగితం అలాగే ఉంది, మడత కూడా విప్పలేదు.

"అమ్మా, బావకి పుట్టినరోజు వచ్చిందంట" అంది. "నగరిలో వచ్చిందంట. కేకు మీద కారు కూడా ఉండిందంట."

నాకు ముందు అర్థం కాలేదు. వాడు దాని వెనకే వదిన ఫోన్ పట్టుకుని వచ్చాడు. పాపం వాడికేం తెలుసు, ఏడేళ్ళ పిల్లాడు. "సూడత్తా" అని నా చేతిలో పెట్టాడు. నగరిలో వదిన పుట్టింటి ఫొటోలు అవి. మరమగ్గాల షెడ్డు ముందు షామియానా, బెలూన్లు, ఒక అరవై మంది జనం. వాడి ఒంటి మీద అంగట్లో కొన్న కోటు. కత్తి మీద వాడి చెయ్యి, ఎప్పుడూ నాయన చెయ్యి ఉండే చోట మా అన్న చెయ్యి. పక్క ఫొటోలో మనవడికి కేకు తినిపిస్తున్నది మా అమ్మ.

"ఏంది వదినా ఇది?" అన్నాను.

వదిన ఏమీ తడబడలేదు. "ఈ ఇంట్లో సెయ్యలేదు గదమ్మా. మా అమ్మోళ్ళింట్లో సేసినారు. ఆ ఇంటికి మైల లేదంట, పురోహితుణ్ణి అడిగినాకే సేసినాము" అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆ లెక్కన నా ఇంటికీ మైల లేదు. వదిన పుట్టింటికి అడ్డు రాని శాస్త్రం, నా కూతురికి తాత బాధపడతాడనే దాకా వచ్చింది. పురోహితుణ్ణి అడిగిన నోటితో ఈ మాట నాకు ఒక్కరైనా చెప్పి ఉండొచ్చు.

అన్న వైపు తిరిగాను. "నేను పాపకి ఏమీ చెయ్యలేదని ఏడ్చిన రోజు నీకు తెలుసునా, నగరిలో చేస్తారని?"

అన్న కర్పూరం పళ్ళెం కింద పెట్టాడు. "షామియానాకి అప్పుటికే సెప్పినాం" అంది వదిన. ఆమె కనీసం అబద్ధం చెప్పలేదు.

"మరి మంచి పని చేసినావని ఎందుకన్నావన్నా?"

"నువ్వు ఏడస్తా ఉంటివి. ఇంకేమనాల నేను?" అన్నాడు. "నిన్ను పిలస్తే మన పక్కోళ్ళందరికీ తెలిసిపోతాదమ్మా. ఏడాది కాకముందే సేసినారంటారు" అని గొణిగాడు. పినతండ్రులు ఇద్దరూ ఒక్కసారిగా తలలు వంచుకున్నారు. వాళ్ళకు ఇప్పుడు తెలిసింది, నా వల్లే తెలిసింది. అదీ అన్న బాధ. నేను గాని, నా బిడ్డ గాని కాదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని నాయన అంగట్లో ఎన్నిసార్లు అనేవాడో. అది ఇంటివాళ్ళకు కూడా చెల్లుతుందని నాకు అంతవరకు తెలియదు.

అమ్మ వంటింట్లోకి తప్పుకుంది. వెనకే వెళ్ళాను. "నువ్వు కూడానా అమ్మా?"

పొయ్యి మీద ఏమీ లేకపోయినా అమ్మ పొయ్యి వైపే తిరిగి నిలబడింది. "నేను ఉండేది ఈడ గదమ్మా" అంది. "నువ్వు సాయంత్రానికి బస్సెక్కి పోతావు."

ఆ మాట నాకు అర్థమైంది. అర్థమయినంత మాత్రాన కోపం పోలేదు. ఇవాళ్టికీ పోలేదు. ఇద్దరు మనుషులు నన్ను మోసం చేశారని ఒప్పుకోగలను గాని, నా ఏడుపు విని మెచ్చుకుని మరీ మోసం చేశారన్నది మింగుడు పడలేదు. భోజనం మాత్రం వదల్లేదు. ఆ ఆకు నాయనది. కోపంతో నాలుగు గారెలు తిని చెయ్యి కడుక్కున్నాను.

తిరుగు బస్సు చంద్రగిరి దాటింది. అప్పుడు పాప అడిగింది. "అమ్మా, బావ కేకు కోస్తే తాత బాధపడలేదా?"

"లేదు."

"నేను కోస్తేనే పడతాడా?"

తాత నీ మీద బాధపడడు, నీ మీద ఎప్పుడూ బాధపడలేదు అని చెప్పాను. నేనే అట్లా చెప్పానని చెప్పాను.

"అబద్ధమా?" అంది.

అవునన్నాను. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. చెప్పులు విప్పేలోపే పాప అంతా మా అత్తకు చెప్పేసింది. నేను ముందే చెప్పలేదా అంటుందని కాచుకుని ఉన్నాను. ఆమె ఆ మాట అనలేదు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే పాపకు తలంటి పోసి పాయసం పెట్టింది. నేను మధ్యాహ్నానికి పావడా కుట్టాను. మా ఆయన కేకు తెచ్చాడు. కోసేటప్పుడు దాని చెయ్యి మీద చెయ్యి వెయ్యబోయాను. "నేనే కోస్తా" అని నా చెయ్యి పక్కకు తోసింది. కోసింది, తిన్నది, ముక్కు నిండా క్రీము పూసుకుని నవ్వింది కూడా. అంతటితో సరిపోయిందనుకున్నాను.

అన్న ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తాడు. బాగున్నామని చెబుతాను. అమ్మకు ఒంట్లో బాగానే ఉందని అతను చెప్పినా, చిత్తూరులో పక్కింటావిడకు ఫోన్ చేసి మళ్ళీ అడుగుతాను.

వినాయక చవితి దగ్గర పడుతున్నప్పుడు ఒక సాయంత్రం పాప హాల్లో కూర్చుని రంగులు వేసుకుంటోంది. "ఈసారి మనింట్లో వినాయకుణ్ణి పెడతాం" అన్నాను. పెన్సిల్ కింద పెట్టి లేచి వంటింట్లోకి వెళ్ళింది.

"అవ్వా, అమ్మ చెప్పేది నిజమేనా?"

మా అత్త దాని తల మీంచి నా వైపు చూసింది. నన్ను దెప్పే అవకాశం తేలిగ్గా వదులుకోని మనిషి, ఆ రోజు కళ్ళు దించుకుంది. "నిజమేలే తల్లీ. మీ అమ్మ చెప్తే నిజమే" అంది.

పాప తిరిగొచ్చి నా ఒళ్ళో కూర్చుంది. అయితే కొత్త గౌను కుట్టమంది. కుడతానన్నాను. ఆ మాటకు కూడా అది ఒకసారి వంటింటి వైపు చూసింది.