నాయన చేతులు వదులైన బాట

నలభై ఎనిమిది నాటి మాట. రజాకార్ల గడబిడతో సూర్యాపేటకు బస్సులు ఆగిపోయాయి. మోతెలో బడిపంతులైన మా నాయనను పొద్దున్నే పాము కరిచింది. ఎడ్లబండి మీద అక్కడి దవాఖానకు పోతే ఆలస్యమైపోతుంది. ఆడపిల్లకు సైకిలెందుకని ఊరంతా నవ్వినా నాకు సైకిల్ నేర్పింది ఆయనే. ఆయన్ని వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలతో నా నడుముకు కట్టుకుని, అడవిలోంచి పోయే మొరం బాట పట్టాను.

గుట్ట ఎక్కుతుంటే కంకర మీద చక్రం జారింది.

"దిగి నడిపియ్యనా నాయినా?"

"వద్దు బిడ్డా. దిగితే నన్ను మళ్ల ఎక్కియ్యలేవు. తొక్కు."

చెరువు కట్ట దాటాక నన్ను పట్టుకున్న ఆయన చేతులు వదులయ్యాయి. తల నా వీపు మీద వాలింది. పిలిస్తే పలకలేదు. ఆగి చూడడానికి భయమేసింది. వానల గురించి, బడి గురించి గట్టిగా ఏదో ఒకటి చెబుతూనే తొక్కాను.

దవాఖాన ముందు డాక్టరు తువ్వాల ముడి విప్పి నాడి చూశాడు. "ఎంత దూరం నుంచి తెచ్చినవమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"మోతె నుంచి," అన్నాను. డాక్టరు తల దించుకున్నాడు.

ఇప్పటికీ మనవరాలు ఆటగా వచ్చి నా వీపు మీద తల వాల్చితే వెంటనే పేరు పెట్టి పిలుస్తాను. అది పలికేదాకా నాకు ఊపిరాడదు.