తోడల్లుడి ఇంటి స్విచ్చులు

ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ ఏదో ఒక తప్పు చేస్తాడు. తెలివైనవాడు దాన్ని సున్నం కింద దాచేస్తాడు, లేదంటే దాని ముందు బీరువా నిలబెడతాడు. నా తప్పు దాచడానికి వీల్లేకుండా గోడ మీద తలకంటే ఎత్తున వేలాడుతోంది. మా ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ దాన్ని తలెత్తి చూసి, "ఇదేటి మేస్టారూ, ఇక్కడెట్టారు?" అని అడిగి, నా సమాధానం వినకుండానే నవ్వుకుంటూ పోతాడు. డుంబ్రిగుడ సంతలో కూరలమ్మే ఆవిడ కూడా ఈ మధ్య నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకునే బదులు ఆ ఘనకార్యం ఎలా జరిగిందో నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నాకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా కుళ్ళు. అదీ అందరి మీదా కాదు. కలెక్టరుగారు కొత్త కారులో తిరిగితే నాకేమీ అనిపించదు. మా తోడల్లుడు విక్టర్ అన్నయ్య కొత్త చెప్పులు కొన్నాడని తెలిస్తే మాత్రం ఆ పూట అన్నం సయించదు. ఆయన మా ఆవిడ సరోజ అక్కకి భర్త. విశాఖలో ఏదో కంపెనీలో మంచి ఉద్యోగం. నేను ఇక్కడ బడిలో లెక్కల మాస్టారిని. ఇద్దరం ఒకే మామగారికి అల్లుళ్ళం, కానీ అత్తవారింట్లో కోడి కోస్తే తొడ ఆయన కంచంలోకి, మెడ నా కంచంలోకి వచ్చేది. నా జబ్బు అక్కడే అంటుకుంది. పొరుగువాడి ఇంటి మీద కన్నేయకూడదని చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటూనే ఉన్నాను. తోడల్లుడు పొరుగువాడి కిందికి రాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

మేము ఇల్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు సరోజ ఒకే ఒక్కటి అడిగింది. ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పొద్దుటి డ్యూటీకి వెళ్ళాలంటే చీకటుండగానే లేచి, అద్దింటి పెరట్లో తడి కట్టెలతో పొయ్యి ఊదుకుని నీళ్ళు కాచుకోవాలి. మా అరకు చలి సంగతి మీకు తెలియంది కాదు. మంచులో చేతులు కొంకర్లు పోతాయి, కళ్ళు పొగకి ఎర్రబడతాయి. బకెట్లో ముంచే హీటరు రాడ్డు ఒకసారి ఆవిడకి షాకు కొట్టింది. ఆ రోజే దాన్ని పెంట కుప్ప మీదకి విసిరేసింది.

"నాకు సోఫాలొద్దు, టైల్స్ ఒద్దు," అంది. "గీజరొకటి బిగించండి సాలు. కుళాయి తిప్పితే ఏణ్ణీళ్ళు రావాల. మర్సిపోరు కదా?"

"ఒక్క గీజరేనా, అడగడానికి సిగ్గుగా లేదూ?" అన్నాను. మహారాజులా అన్నాను.

గోడలు లేచి స్లాబు పడేసరికి విశాఖలో విక్టర్ అన్నయ్య ఇల్లు పూర్తయింది. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకి వెళ్ళాం. ప్రార్థన అయిపోగానే ఆయన నా భుజం మీద చెయ్యేసి ఇల్లంతా తిప్పడం మొదలెట్టాడు. గదులు చూపించి ఊరుకుంటే బాగుండేది. ఆయన స్విచ్చులు చూపించాడు.

"ఇది చూడు తమ్ముడూ. ఈ స్విచ్చు మంచం దగ్గరా ఉంది, గుమ్మం దగ్గరా ఉంది. అక్కడ వేసి ఇక్కడ ఆర్పొచ్చు."

"బాగుందన్నయ్యా."

"ఇది తిప్పు. మెల్లిగా. వెలుతురు తగ్గుతోందా?"

"తగ్గుతోందన్నయ్యా."

"ఇప్పుడు బీరువా తలుపు తియ్యి."

తీశాను. లోపల లైటు వెలిగింది. నా గుండెలో ఏదో ఆరిపోయింది. హాల్లో సిలువ వెనక నుంచి నీలం వెలుగు వచ్చింది. ప్రతి పడకగదిలోనూ మంచం పైన గోడకి ఎత్తుగా ఒక పెద్ద ప్లగ్గు, దాని పైన తెల్లటి ఏసీ. నాకు కడుపులో మంట మొదలైంది. చేతులు కడుక్కుంటానని చెప్పి స్నానాల గదిలో దూరాను. కుళాయి తిప్పితే కాసేపటికి పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి. గీజరు ఎక్కడా కనిపించలేదు. గొప్పవాళ్ళ ఇళ్ళల్లో గీజరు పైకి కనబడదు కాబోలు, సీలింగులో దాచేస్తారు కాబోలు అనుకున్నాను. ఆ ఆలోచనతో మంట ఇంకాస్త పెరిగింది.

"మేడ మీదకి రా తమ్ముడూ," అన్నాడు విక్టర్ అన్నయ్య. "అసలు సంగతి పైన ఉంది."

"మోకాలు నొప్పిగా ఉందన్నయ్యా. ఇంకోసారి చూద్దాం."

నా మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. వచ్చే ముందు రోజే పిల్లలతో కబడ్డీ ఆడాను. కానీ ఇంకొక్క గొప్ప చూపిస్తే అక్కడే ఏడ్చేస్తానేమోనని భయం వేసింది. పాఠకులారా, ఆ మేడ మెట్లు గుర్తుపెట్టుకోండి. నేను అప్పుడు ఎక్కకపోయినందుకు ఈ నాటికీ దిగుతూనే ఉన్నాను.

అందరూ భోజనాల దగ్గరుంటే నేను ఫోను తీసి, గదిగదికీ తిరిగి స్విచ్చు బోర్డులన్నీ ఫొటోలు తీసుకున్నాను. ఫ్రిజ్ వెనక ఉన్న ప్లగ్గు కోసం దాని సందులోకి సగం దూరి ఉండగా వదిన చూసేసింది.

"ఏటి ప్రభుదాసూ, ఏటి పడిపోయింది?"

"ఏమీ లేదు వదినా. మీ ఫ్రిజ్ మోడలు బాగుంటే చూస్తున్నా."

"ఎనకాలనుంచేటి మోడలు సూత్తారు?"

నిజమే, ఎవరూ చూడరు.

మా మండలంలో సగం ఇళ్ళకి కరెంటు పని చేసింది దామోదరం. వాణ్ణి పిలిపించి ఫొటోలు చూపించాను. వాడికీ నా జబ్బే ఉందని అప్పుడే తెలిసింది. విశాఖ వాడెవడో చేసిన పని చూడగానే వాడి మొహం మాడిపోయింది.

"ఇలాటివి నాను సెయ్యలేననా సార్?" అన్నాడు.

"చేస్తావా?"

"ఒక్కటి ఎక్కువ పెడతాను గానీ తక్కువ పెట్టను."

"ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. ఫొటోలో ఏదుంటే అది. ఏ గోడకి ఏదుంటే ఆ గోడకి అది."

"ఏసీ పాయింట్లున్నాయి కదా సార్. అరకులో ఎవులూ పెట్టించుకోనేదు. మే నెల్లోనే దుప్పటి కప్పుకుంటాం కదా."

"పెట్టు."

"పెట్టమంటే పెట్టీయడమే," అన్నాడు దామోదరం హుషారుగా. గోడలకి గాడి కొట్టి గొట్టాలు పరిచాడు, వైర్లు లాగాడు. పడకగదులన్నింటిలోనూ ఎత్తుగా ఏసీ పాయింట్లు పెట్టాడు. పొద్దున్నే మంచుకి ఎదురుగా ఉన్న మనిషి కనిపించని ఊళ్ళో, చలిమంట దగ్గర నుంచి జనం లేవని ఊళ్ళో, మా ఇల్లు చల్లబడడానికి సర్వసన్నద్ధంగా నిలబడింది.

సరోజ వారానికోసారి పని చూడడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా అదే ప్రశ్న.

"గీజరు పాయింటు పెట్టించారేటండీ?"

"అన్నీ మీ అక్కావాళ్ళింట్లో ఉన్నట్టే పెట్టిస్తున్నా."

"అలాగనేసి కాదు. గీజరుకి పెట్టించారా అంటున్నా."

"వాళ్ళింట్లో వేణ్ణీళ్ళు రాలేదా? నేనే చేత్తో పట్టుకుని చూశాను. వాళ్ళకి వచ్చినప్పుడు మనకి రాకుండా ఎలా ఉంటాయి?"

లెక్కల మాస్టారి తర్కం అది. పైగా స్నానాల గదిలో ప్లంబరు అలవాటు కొద్దీ వేణ్ణీళ్ళ పైపుల మూతులు రెండు వదిలి వెళ్ళాడు. అవి చూసి ఆవిడకీ నమ్మకం కుదిరింది. నా మీద ఆవిడకి నమ్మకం కుదరడం ఎంత ప్రమాదమో ఆవిడకి అప్పటికి తెలియదు. తరవాత సీలింగు దాకా టైల్స్ అతికించేశారు.

మా ఇంటి ప్రతిష్ఠ క్రిస్మస్ ముందు పెట్టుకున్నాం. ఆ పొద్దున్న మంచు ఎంతకీ విడలేదు. విక్టర్ అన్నయ్య కోటు మీద కోటు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని కారు దిగాడు. నేను ఆయన చలిని పట్టించుకోకుండా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, మంచం దగ్గర స్విచ్చు వేసి గుమ్మం దగ్గర ఆర్పాను. బీరువా తలుపు తీశాను. హాల్లో నీలం సిలువ వెలిగించాను. ఆయన మొహంలో కుళ్ళు ఏమైనా కనిపిస్తుందేమోనని మఫ్లరు సందులోంచి వెతికాను.

"అచ్చం మా ఇల్లే తమ్ముడూ," అన్నాడు ఆయన సంతోషంగా. ఆ సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది. కాస్తయినా కుళ్ళుకోకపోతే నేను ఇంత కష్టపడింది ఎందుకు?

పాస్టరుగారి ప్రార్థన అయింది. అప్పుడు విక్టర్ అన్నయ్య కారులోంచి పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి అందరి ముందూ విప్పాడు. గీజరు. తెల్లగా, గుండ్రంగా మెరిసిపోతోంది.

"చెల్లెలు పొగలో కళ్ళు పాడుచేసుకుంటోందని మీ వదిన ఎప్పుడూ బాధపడుతుంది," అన్నాడు. "అందుకే ఇది తెచ్చాం."

సరోజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూశారా, నా భార్య నన్ను అడిగిన ఒక్కగానొక్క కోరిక, అదీ ఆయన చేతుల మీదుగానే తీరాలి. వచ్చే నెల జీతంతో నేనే కొంటానని వాయిదా వేస్తూ వచ్చిన ముహూర్తాన్ని తిట్టుకున్నాను.

"ఎక్కడ పెట్టమంటావు తమ్ముడూ? పాయింటు ఎక్కడ?"

"మీ ఇంట్లో ఎక్కడుందో అక్కడే," అన్నాను దర్జాగా.

"మా ఇంట్లో గీజరెక్కడిది?"

"అదేంటన్నయ్యా. వేణ్ణీళ్ళు వచ్చాయి కదా."

"అవి మేడ మీద సోలారు హీటరువి కదా. ఎండకి కాగి కిందకొస్తాయి. ఆ రోజు చూపిస్తానంటే మోకాలు నొప్పన్నావు."

ఆ మాట అన్నాక కూడా నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన గీజరు ఎత్తుకుని స్నానాల గదిలోకి వెళ్ళాడు. వెనక నేను, నా వెనక దామోదరం, వాడి వెనక పాస్టరుగారు, చుట్టాలు. పైపులున్నాయి, ప్లగ్గు లేదు. ఊరేగింపు రెండో స్నానాల గదికి వెళ్ళింది. అక్కడా లేదు. దామోదరం నా వంక చూశాడు. నేను దామోదరం వంక చూశాను.

"ఫొటోలో నేదు సార్," అన్నాడు వాడు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు దగ్గారు, కానీ అది దగ్గు కాదు. సరోజ మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి నెమ్మదిగా అడిగింది.

"అన్నీ అక్కావాళ్ళింట్లో ఉన్నట్టే అన్నారు కదా మీరు?"

"అన్నాను."

"అక్కావాళ్ళింట్లో గీజరు పాయింటు నేదు కదా?"

"లేదు."

"మనింట్లోనూ నేదు."

"లేదు."

"మాట నిలబెట్టుకున్నారు."

అంతే. కొంగు బిగించి, చుట్టాలకి నీళ్ళు కాయడానికి పెరట్లోకి వెళ్ళి కట్టెలు పేర్చింది. కొత్త ఇంటి పెరట్లో, కొత్త చీరలో, అదే పొయ్యి. కిటికీలోంచి పొగ లోపలికి వచ్చింది. అప్పుడు నాకు విక్టర్ అన్నయ్య మీద కుళ్ళు కాసేపు ఆగిపోయింది. నిజంగా సిగ్గేసింది. ఏళ్ళ తరబడి ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషి, నన్ను నమ్మి మళ్ళీ దాని ముందే కూర్చుంది. వెళ్ళి గొట్టం అందుకుని ఊదబోతే, "బూడిద పడతాది, ఒగ్గీండి," అంది నా మొహం చూడకుండా.

లోపల దామోదరం ఉపాయం ఆలోచించాడు. స్నానాల గది గోడకి అవతల మా పడకగది, ఆ గోడకే ఏసీ పాయింటు. అది గీజరుని కూడా మోస్తుందట.

"గీజరు తీగ పొట్టిది సార్. ఇంకో ముక్క అతికి వెంటిలేటర్లోంచి లాగీసి, అవతల ఏసీ పాయింటుకి పెట్టీద్దాం. బేగి అయిపోతాది."

ఈ మాట పెరట్లోకి వినిపించింది. సరోజ చేతిలో నిప్పుకట్టెతో లోపలికి వచ్చింది.

"తానాల గదిలోకి అతుకు తీగా? ఒకసారి షాకు తిన్నాను నాను. ఇంక తినను."

"అయితే టైల్స్ పగలగొట్టి కొత్త పాయింటు లాగమంటావా?" అన్నాను.

"కొత్త టైల్స్ మీద సుత్తి పడితే ఒప్పుకోను. కరెంటు నీళ్ళ దగ్గరకి రావద్దు. నీళ్ళనే కరెంటు దగ్గరకి పంపండి."

"అంటే?"

"గీజరు పడకగదిలో ఎట్టండి. ఏసీ సోట్లో."

అందరూ తలూపారు. ఆవిడ చేతిలో ఇంకా నిప్పుకట్టె ఉంది మరి. దామోదరం పడకగదిలో, ఏసీ ఉండాల్సిన చోట, సరిగ్గా మా మంచానికి పైన, గీజరు బిగించాడు. పైపులు మాత్రం వెంటిలేటర్లోంచి స్నానాల గదిలోకి వెళ్ళాయి. విక్టర్ అన్నయ్య కోటు విప్పి నిచ్చెన పట్టుకున్నాడు. నేను స్పానరు అందించాను. నా ఇంట్లో నాకు దక్కిన ఉద్యోగం అదే.

ఆ సాయంత్రం సరోజ కుళాయి తిప్పింది. పొగలు వచ్చాయి. ఆవిడ స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ బయటికి వచ్చింది. పెళ్ళయ్యాక అలాంటి నవ్వు నేను నాలుగైదు సార్లు చూసి ఉంటాను. నా తప్పంతా క్షమించినట్టే అనిపించి, మంచం మీద ఆవిడ వైపుకి జరిగాను.

"బావ దేవుడులాటోడు," అంది సరోజ, తల తుడుచుకుంటూ.

నేను దిండు సర్దుకున్నాను.

"మరి ఇది ఊడి కింద పడిపోదు కదా?" అంది పైకి చూస్తూ.

"పడదు. దామోదరం మేకులు గట్టిగా దిగగొట్టాడు."

"అంత నమ్మకముంటే ఆ వైపు మీరే పడుకోండి."

అలా నేను ఈ నాటికీ, నీళ్ళు నిండిన మా తోడల్లుడి బహుమానం కింద పడుకుంటున్నాను. తెల్లారగట్ల సరోజ స్విచ్చు వేయగానే నా మొహానికి సూటిగా ఎర్ర దీపం వెలుగుతుంది. దాన్ని చూస్తూ చేతులు జోడించి ఒక గట్టి ప్రతిజ్ఞ చేసుకున్నాను. ఇకమీదట ఎవరి ఇల్లు చూసినా తొందరపడి కుళ్ళుకోను. మేడ మీదకి ఎక్కి, అంతా పూర్తిగా చూసి దిగాకే కుళ్ళుకుంటాను.