మూటల వెనక చోటు

మా కరీంనగర్ బట్టల షాపుకు హైదరాబాద్ నుంచి ఒక సైకాలజీ మేడం వస్తుందనీ, మా మనసుల్లో ఉన్నదంతా వింటుందనీ చెప్పినప్పుడు మేమందరం నవ్వుకున్నాం. మా నొప్పులన్నీ పిక్కల్లో ఉంటే మనసులో ఏం వెతుకుతుందట? పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా చీరల సెక్షన్‌లో నిలబడే ఉండాలి. స్టూళ్లు ఉన్నాయి, అవి గిరాకీ కోసం. "కూసున్న మనిషిని జూస్తే గిరాకి ఎనక్కి మల్లుతది" అని మా సేటు నమ్మకం.

అందుకే మేమే ఒక చోటు చేసుకున్నాం. మూడో అంతస్తు స్టాకు గదిలో గోడవారగా విప్పని చీరల మూటలుంటాయి. వాటి వెనక ఒక మనిషి కాళ్లు చాపుకునేంత సందు. వంతులేసుకొని వెళ్లేవాళ్లం. ఫ్లోర్ మేనేజర్ మెట్లెక్కుతుంటే కింద ఉన్నవాళ్లు "పాలపిట్ట రంగు గద్వాల దించుండ్రి!" అని కేకేసేవాళ్లు. పైనున్న మనిషి దులుపుకొని లేచి, ఏదో ఒక చీర పట్టుకొని దిగేది. ఒకసారి ఒక పెద్దమ్మ ఆ కేక విని, తనకు ఆ చీరే కావాలని పట్టుబట్టింది. ఎన్ని నీలం చీరలు పరిచినా "గిది పాలపిట్ట కాదు బిడ్డా, నాకు తెల్వదా" అంటుంది. చివరికి ఏమీ కొనకుండా అలిగి వెళ్లిపోయింది. మేనేజర్ తిడుతున్నా మాకు నవ్వాగలేదు.

ఆ చోటు మా అందరికంటే ఎక్కువగా ఒక అమ్మాయికి కావాల్సి వచ్చింది. మాలో చిన్నది, కడుపుతో ఉంది. భర్త దుబాయిలో. కాన్పు దాకా ఎలాగో నెట్టుకురావాలి, మధ్యలో మానేస్తే మళ్లీ పనిలో పెట్టుకోరు. సాయంత్రమయ్యేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. ఎవరూ చెప్పకుండానే మా వంతులన్నీ మెల్లగా ఆమెవే అయిపోయాయి. నన్ను అక్కా అనేది. షాపులో అందరూ అందరినీ అలాగే పిలుస్తారు గానీ, ఆ పిల్ల పిలిస్తే నాకు నిజంగానే చెల్లెలు ఉన్నట్టుండేది.

మేడం వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. సెల్లారులో కుర్చీలు గుండ్రంగా వేయించి మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆ షాపులో మేం దర్జాగా కూర్చున్నది అప్పుడే. కళ్లు మూసుకొని వెనక్కి వాలమంది, వెనకున్నవాళ్లు పట్టుకుంటారంది. భయపడుతూనే వాలాను. పట్టుకున్నారు. "నమ్మకం అంటే ఇదే. ఇక్కడ మాట్లాడుకున్నది ఈ తలుపు దాటదు" అంది మేడం. మధ్యాహ్నం మాతోపాటే కింద కూర్చొని తిన్నది. నా డబ్బాలోంచి బియ్యప్పిండి సర్వప్ప తుంచుకొని, "మా అమ్మమ్మ కూడా ఇలాగే చేసేది అక్కా" అంది. ఒక డబ్బాలో తిన్నాక ఇక పరాయిదేమిటి అనుకున్నాను. మా ఇళ్లల్లో మనుషుల్ని అలాగే కొలుస్తాం. నేను మోసపోయింది అక్కడే.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచింది. పనిలో అన్నిటికంటే కష్టమేదని అడిగింది. నేను అంతా చెప్పాను. "నాకేం వద్దు మేడం. గా పొల్లకు ఒక్క కుర్సీ ఏపియ్యిండ్రి సాలు. మూటల ఎనక ఎన్నొద్దులని దాసిపెడ్తం?" అన్నాను. మేడం నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లు తడిశాయి. ఆ తడి నిజమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మరుసటి వారం ఒక పొద్దున వెళ్లేసరికి స్టాకు గదికి ఇనుప తలుపు, దానికి తాళం. తాళంచెవి మేనేజర్ నడుముకు. మమ్మల్ని వరసగా నిలబెట్టారు, సేటే స్వయంగా వచ్చాడు. "మన స్టాఫ్‌ల ఒకామె మనసిప్పి మాట్లాడింది. గసొంటోళ్లే గావాలె నాకు" అని నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పాడు. మెట్ల పక్క గోడకు నా ఫొటో తగిలించారు, కింద 'మన ఆత్మీయ ఉద్యోగి' అని రాసి. అందరూ తాళం వైపు చూశారు, తర్వాత నా వైపు.

"నేను కుర్సీ అడిగిననే, ఒట్టు" అని ఆ అమ్మాయికి చెప్పాను. శాలువా ఇంకా నా భుజం మీదే ఉంది. ఎవరు నమ్ముతారు? ఆమె తల దించుకొని, "సరే మేడం" అంది. ఆ ఒక్క పిలుపుతో నన్ను అవతల నిలబెట్టింది.

మేడం మళ్లీ వచ్చినప్పుడు అడిగేశాను. "నా డబ్బాల చెయ్యివెట్టి తిన్నవు గదమ్మా. గిట్లెట్ల జేస్తివి?"

"మీ పేరు నేను చెప్పలేదక్కా. సమస్య మాత్రమే చెప్పాను. దాక్కొని కూర్చునే అలవాటు టీమ్‌కు మంచిది కాదు కదా."

"మరి కుర్సీ?"

"అది మేనేజ్‌మెంట్ నిర్ణయం" అంటూ అందరినీ గుండ్రంగా నిలబడమంది. వెనక్కి వాలే ఆట మళ్లీ. నేను వాలలేదు. నా వెనక ఎవరూ నిలబడలేదు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. సేటు మీద అంత కోపం రాలేదు, ఆయన ఎప్పుడూ మమ్మల్ని అక్కా అనలేదు.

రోజులు గడిచాయి. ఆ అమ్మాయి నిండు నెలలతో పనికి వస్తూనే ఉంది. ఎలా నిలబడుతోందో అని నా ప్రాణం కొట్టుకునేది. అడిగితే "మంచిగనే ఉన్న మేడం" అనేది, అంతే. కేకలు కూడా ఆగిపోయాయి. పాలపిట్ట మాట నా ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక సాయంత్రం ఆమె నా ముందు నుంచి వెళ్తుంటే చూశాను. పాదాల వాపు దిగింది. చీర వెనక, వీపు దగ్గర, తెల్లగా గోడ సున్నం అంటుకొని ఉంది. ఎక్కడో కూర్చుంటోంది. వాళ్లు ఇంకో చోటు వెతుక్కున్నారు. నా కడుపు చల్లబడింది, ఏడుపూ వచ్చింది.

అంతలో మేనేజర్ మెట్లు దిగుతున్న చప్పుడు. నేను గబగబా ఆమె వెనక్కి వెళ్లి ఆ సున్నం దులిపేశాను. ఆమె ఉలిక్కిపడి తిరిగి, నా తెల్లటి అరచేతిని చూసి బిగుసుకుపోయింది.

"నేనేడ గూసోలే మేడం" అంది, పొట్ట మీద చెయ్యి పెట్టుకొని.