నిచ్చెన మీద ఓటు

ప్రెస్సులో అందరూ ఆమెను బైండింగక్క అనేవాళ్లు. వయసులో పదేళ్లు పెద్దవాణ్ణయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నేను ప్రూఫులు దిద్దే గది పక్కనే ఆమె బల్ల. పదహారేసి పేజీలు అచ్చయిన పెద్ద కాగితాలు, అంటే ఫారాలు, మడవడం, వరుస తప్పకుండా పేర్చడం, కుట్టడం, గమ్ము పూయడం, చివరికి కటింగ్ మెషిన్ కింద అంచులు తెగ్గొట్టడం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఎడమచేతి చూపుడువేలి పై కణుపు ఆ కటింగ్ మెషిన్ కిందే పోయింది.

మనిషికి నోరెక్కువ. ఆ నోటికి తగ్గ పిచ్చి బాస్కెట్‌బాల్. స్కూలు రోజుల్లో ఆడింది. ఇండోర్ స్టేడియంలో మూడో వరుస, నడవా పక్క సీటు పద్ధెనిమిదేళ్లుగా ఆమెదే. రిఫరీ పొరపాటు చేస్తే ఆమె తిట్టే తిట్లకు ముందు వరుసవాళ్లు తమనే అన్నట్టు తలలు దించుకునేవాళ్లు.

ఆమె తమ్ముడు మా ప్రెస్సులోనే ఆఫ్‌సెట్ మెషిన్ నడిపేవాడు. ఉండేది ఒకే ఇంట్లో. కింద అక్కా అమ్మా, పైన తమ్ముడూ మరదలూ. పనికీ మ్యాచికీ అక్కాతమ్ముళ్లు ఒకే స్కూటర్ మీద వెళ్లేవాళ్లు. అలాంటివాళ్ల మధ్య నిచ్చెన వల్ల చిచ్చు రేగింది.

నిచ్చెన అంటే మా ఊరి జట్టులో అందరికంటే పొడుగు ఆటగాడు. వచ్చిన మొదటి ఏడు జట్టును ఫైనల్ దాకా ఒంటిచేత్తో లాక్కెళ్లాడు. రెండో ఏడు మడమ దెబ్బతింది. మూడో ఏడు పరుగూ పోయింది, గురీ పోయింది. ఎవరూ అడ్డం లేని ఫ్రీ త్రో కూడా రెండింటిలో ఒకటి రింగుకు తగిలి బయటికొచ్చేది. కాంట్రాక్టు ముగిసింది. ఇంకో రెండేళ్లకు తీసుకోవాలా, సాగనంపాలా అని ఊరు రెండుగా చీలింది. క్లబ్బువాళ్లు అభిమానుల సంఘాన్ని ఓటు వేసి చెప్పమన్నారు. ఆదివారం పదింటికి స్టేడియం క్యాంటీన్ హాల్లో సమావేశం.

ఆ వారమంతా మా భోజనాల బల్ల దగ్గర ఎవరికీ ముద్ద సరిగ్గా దిగలేదు.

"వాడు ఊరికే నిలబడితే చాలు, అవతలివాళ్లు రింగు దగ్గరికి రావడానికి జంకుతారు," అన్నాడు తమ్ముడు డబ్బా మూత తీస్తూ.

"నిలబడడానికైతే కరెంటు స్తంభం చాలు. దానికి కాంట్రాక్టు అక్కర్లేదు," అంది అక్క.

"మడమ పూర్తిగా బాగవనీ, అప్పుడు చూడు."

"ఏడాదిన్నరగా బాగవుతూనే ఉంది. ఈలోపు బెంచీ మీద సిసింద్రీ అరిగిపోతున్నాడు."

సిసింద్రీ రిజర్వు ఆటగాడు. ఎత్తు తక్కువ, కాళ్లలో చురుకెక్కువ. నిచ్చెన రొప్పుతున్నప్పుడు అతన్ని నాలుగు నిమిషాలు దింపేవాళ్లు. కుదురుకునేలోపే మళ్లీ పిలిచేసేవాళ్లు.

గురువారం అక్క ఒక పని చేసింది. అంచులు కోయగా మిగిలిన కాగితాల మీద నిచ్చెన గురి తప్పిన షాట్లన్నీ తేదీలతో సహా రాసి, అడుగున 'ఈ మనిషి మనకొద్దు' అని పెట్టి, ప్రెస్సు గేటు దగ్గరా బస్టాపులోనూ పంచింది. తమ్ముడు తన చేతికొచ్చినదాన్ని నాలుగు ముక్కలు చేసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"దెబ్బతిన్నవాణ్ణి నడివీధిలో నిలబెట్టి కొడుతున్నావు. సిగ్గుండాలి."

"అంత జాలుంటే ఇంటికి తీసుకెళ్లి సాక్కో. జట్టును వదిలెయ్."

మర్నాడు తమ్ముడు స్కూటర్ మీద ఒక్కడే వచ్చాడు. ఆమె బస్సెక్కింది. ఇంట్లో ఏ మాటైనా అమ్మ ద్వారానే అటూ ఇటూ చేరింది. రెండ్రోజులు మెట్లెక్కి దిగి విసిగిపోయిన అమ్మ, "వాడు బంతిని బుట్టలో వేస్తాడో లేదో నాకు తెలీదు. మీరిద్దరూ మాత్రం గురి తప్పకుండా నా నెత్తినే వేస్తున్నారు," అందట. ఎవరూ నవ్వలేదని మరదలు చెప్పింది.

ఆదివారం హాల్లో ఎనభైమందిమి ఉన్నాం. సంఘం అధ్యక్షుడు రిటైరైన రైలు గార్డు. మాట ముదిరినప్పుడల్లా జేబులోంచి విజిల్ తీసి ఊదేవాడు. మొదటి పావుగంటలో అయిదుసార్లు ఊదాల్సొచ్చింది. ఒకాయన నిచ్చెనను ఎముకల మూట అన్నాడు. ఇంకొకాయన ఆయన మీదికి కుర్చీ తోశాడు. క్లబ్బు మేనేజరు గోడ పక్కన టీ తాగుతూ ఫోను చూసుకుంటున్నాడు.

అక్క లేచింది. "మొదటి ఏడాది ఆటకు మొదటి ఏడాదే చప్పట్లు కొట్టాం. ఒకే ఆటకు ఎన్నేళ్లు కొడతాం?"

వెనక బెంచీల నుంచి చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే తమ్ముడు లేచాడు.

"ఈవిడ మా అక్క. ఏడేళ్ల కిందట వేలు తెగింది. ఆర్నెల్లపాటు కుట్టిన ప్రతి పుస్తకం వంకర. పేజీలు తలకిందులు. ఆర్డరిచ్చిన పార్టీలు కట్టలు కట్టలు తిప్పి పంపేవాళ్లు. అయినా ఓనరు తీసెయ్యలేదు. పాత మనిషి, కుదురుకుంటుందిలే అన్నాడు. ఆయన కూడా ఈవిడ తప్పులన్నీ కాగితాల మీద రాసి గేటు దగ్గర పంచుంటే ఈవిడ బతుకు ఏమయ్యేది? అడగండి."

గార్డు విజిల్ ఊదే అవసరం రాలేదు. హాలు దానంతటదే అణిగిపోయింది. తమ్ముడు చెప్పింది నిజం. ఆ తలకిందులు పేజీలు నేను నా కళ్లతో చూశాను. తమ్ముడికి నోరు జారానని తెలిసినట్టుంది. అయినా కూర్చోలేదు.

"నిజమే," అంది అక్క. గొంతు బాగా తగ్గింది. "సగమే చెప్పావు, తమ్ముడూ. అప్పుడు నా పక్కన టెంపరరీగా ఒకమ్మాయి ఉండేది. మడతల పిల్ల అనేవాళ్లం. తన పనీ నా పనీ తనే చేసేది. ఒక్క ఫారం తప్పు పోలేదు. ఆర్డర్లు తగ్గాక ఇద్దరిలో ఒకర్నే ఉంచుతామన్నారు. నన్నుంచి ఆ పిల్లను పంపేశారు. నేను నోరెత్తలేదు. జాలిపడి ఒకర్ని ఉంచితే ఇంకొకరు బయటికి పోతారు. వాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. ఈ హాల్లో సిసింద్రీ కోసం ఒక్కరన్నా మాట్లాడాలని లేచాను."

"ఏడేళ్లుగా ఎక్కడ దాచావమ్మా ఈ నీతి?" అన్నారు వెనకనుంచి ఎవరో. అక్క కూర్చుంది.

ఓట్లు లెక్కపెట్టారు. వద్దన్నవాళ్లు నలభై మూడు. కావాలన్నవాళ్లు ముప్ఫై ఏడు. మేనేజరు కప్పు కింద పెట్టి లేచాడు. "మీ అభిప్రాయం పైవాళ్లకు చెబుతాను. కాంట్రాక్టు మీద మాత్రం బుధవారమే సంతకాలైపోయాయి," అన్నాడు, వాతావరణం గురించి చెప్పినంత తాపీగా.

అప్పటిదాకా ఒకరి పీక ఒకరు పట్టుకోబోయినవాళ్లు కలిసి ఆయన మీద పడ్డారు. తాను కోరిందే జరిగినా తమ్ముడు అందరికంటే ఎక్కువ తిట్టాడు. మేనేజరును వంటగది తలుపులోంచి బయటికి దాటించాల్సొచ్చింది. ఆ రభసలో అక్కా తమ్ముడూ చెరో తలుపులోంచి వెళ్లిపోయారు.

మూడోరోజు అక్క నా గదికి వచ్చింది. "మాస్టారూ, మడతల పిల్ల ఇప్పుడెక్కడుందో తెలుసా?" కోర్టు ఎదురుగా జిరాక్స్ కొట్టులో ఉందని నాకు తెలుసు. తోడు రమ్మంది. వెళ్లాను.

కౌంటరు అవతల ముప్ఫై దాటిన మనిషి, చకచకా కాగితాలు సర్దుతోంది. తలెత్తి చూసింది. "ఎన్ని కాపీలు?"

"నేను బైండింగ్..."

"గుర్తుంది. ఎన్ని కాపీలు?"

"అప్పుడు నీ తరఫున ఓనరుతో మాట్లాడాల్సింది. మాట్లాడలేదు."

"ఇప్పుడొచ్చి చెబితే నాకేం ఒరిగింది? నీ గుండె బరువు దించుకోవడానికి నా కౌంటరే దొరికిందా?"

అక్క ఆ మాట మింగింది. "బైండింగు పనికి పర్మనెంటుగా మనిషి కావాలి. ఓనర్ని ఒప్పించే వచ్చాను."

"ఓహో, జాలా?"

"జాలి కాదు. నేను గంటకు రెండొందల ఫారాలు మడిచేసరికి చెయ్యి లాగేస్తోంది. నువ్వు నాలుగొందలు మడిచేదానివి."

"వెనక జనం నిలబడ్డారు. పక్కకు జరగండి," అంది ఆమె.

పదిరోజుల తర్వాత మడతల పిల్ల నేరుగా ఓనరు గదిలోకి వెళ్లి, మాట్లాడుకుని, వచ్చి బల్ల ఆ చివర కూర్చుంది. పాతరోజుల్లో అక్కా అక్కా అని తిరిగిన మనిషి ఇప్పుడు 'ఏమండీ' అనేది. అదీ పని పడితేనే.

సిసింద్రీ వేరే ఊరి జట్టుకు వెళ్లిపోయాడు. నిచ్చెన ఆ సీజన్ గొప్పగానూ ఆడలేదు, మరీ తీసిపారేసేట్టూ ఆడలేదు. తమ్ముడు తన సీటు ఎదుటి గ్యాలరీకి మార్చుకున్నాడు. నిచ్చెన బుట్టలో వేసినప్పుడల్లా ఆటగాణ్ణి వదిలేసి మూడో వరుస వైపు చూస్తూ చప్పట్లు కొట్టేవాడు. తప్పినప్పుడు అక్క లేచి నిలబడి, ఎన్నో తప్పో వేళ్లతో చూపించేది.

ఒక మధ్యాహ్నం మడతల పిల్ల అక్క కుట్టిన కట్టలోంచి ఒక పుస్తకం తీసి తిప్పి చూసింది. "దారం బిగువు లేదండీ. కట్టంతా ఇలాగే ఉంది. విప్పండి," అంది.

నేను పెన్ను ఆపి ఎదురుచూశాను. ఇంకెవరైనా ఆ మాట అనుంటే ప్రెస్సు కప్పు లేచిపోయేది. అక్క కత్తెర అందుకుని, ఒక్కో పుస్తకం దారం తెంపి, విప్పి, మళ్లీ మొదటినుంచి కుట్టడం మొదలుపెట్టింది. అయిదున్నరకు ఆర్డరు పూర్తయింది. ఇద్దరూ ఒకే బస్టాపులో, ఒకరికొకరు ఎడంగా నిలబడి, వేర్వేరు బస్సులెక్కి ఇళ్లకు వెళ్లారు.